సామాను ఊసెత్తని నవలలు

మన నవలల్లో నాయిక ఒక్క వాక్యంలో అమెరికా చేరిపోతుంది. నా నవలల్లోనూ అంతే లెండి! సామాను ఊసే ఉండదు.

మొన్న కొత్తవలసలో మా పిన్ని, డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతూ ఇల్లంతా సర్దింది. రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. అమ్మమ్మ పేరు చెక్కిన ఇత్తడి గంగాళాన్ని ఓడలో పంపుదామంటే, "అక్కడన్నీ దొరుకుతాయమ్మా" అన్నాడు కొడుకు. పిన్ని మారు మాట్లాడలేదు. ఆ క్షణం ఏ నవలలో ఉంది చెప్పండి?

1964లో రంగూన్ వదిలి ఓడల్లో విశాఖ చేరిన మనవైపు ఆడవాళ్ళు నగానట్రా చాలావరకు అక్కడే విడిచి వచ్చారు. వాళ్ళ కన్నీళ్ళు రాయడం తేలికే. మూటలో ఏం పెట్టారో, ఏది వదలమని ఎవరన్నారో రాయాలి.

గంగాళం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చింతపండుతో తోమితే అమ్మమ్మ పేరు కనిపిస్తోంది.