భావికాల వాహన సమర క్రీడల్లో గోదా నిర్మాణం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆయుధాలు అమర్చిన వాహనాలతో సాగే భావికాల క్రీడల్లో గోదా కేవలం నేపథ్యం కాదు, ఆటగాడి నిర్ణయాలను నడిపించే శక్తి. 'కార్ వార్స్', 'బ్యాటిల్‌జోన్', 'ట్విస్టెడ్ మెటల్ 2' క్రీడల ఆధారంగా గోదా నిర్మాణరీతులను, ఆ స్థలంలో మనిషికి దక్కిన చోటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోదా, వాహన సమరం, వీడియో క్రీడలు, స్థలనిర్మాణం, యుద్ధశిక్షణ.

1. ఉపోద్ఘాతం

కాలినడకన పోరాడే యోధుడు నిలుచున్న చోటనే వెనుదిరగగలడు. వేగంగా పోయే వాహనానికి తిరగడానికి స్థలం, ఆగడానికి దూరం కావాలి. అందువల్ల ఈ క్రీడల్లో గోడ, మలుపు, వాలు, ఇరుకుదారి ఆయుధాలతో సమానమైన ప్రాధాన్యం పొందుతాయి. తిక్కన ద్రోణపర్వంలోని పద్మవ్యూహ ఘట్టం వల్ల తెలుగు పాఠకుడికి ఈ భావన కొత్తది కాదు. అభిమన్యుడిని బలిగొన్నవి శత్రుబాణాలు మాత్రమే కావు. ప్రవేశం తెలిసి నిర్గమనం తెలియని స్థలం కూడా.

2. గళ్ల కాగితం మీది గోదా

చాడ్ ఇర్బీ, స్టీవ్ జాక్సన్ రూపొందించిన 'కార్ వార్స్' 1980ల ఆరంభంలో వచ్చిన బల్లమీది ఆట. కార్ల ద్వంద్వయుద్ధం వినోదంగా మారిన భావి అమెరికా దీని ఇతివృత్తం. పటంపై ఒక అంగుళం 15 అడుగులకు సమానం. వేగం పెరిగేకొద్దీ పదునైన మలుపు వాహనాన్ని అదుపు తప్పించే అవకాశం ఎక్కువ. కాబట్టి గోదాలోని దారి వెడల్పే పోరు వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆటగాళ్లు వెనుకకు వదిలే మందుపాతరలు, నూనె, పొగ ఆ దారులను మార్చివేస్తాయి. గోదా ముందే పూర్తయిన కట్టడం కాక, ఆటతోపాటు మారే స్థలమని ఈ క్రీడ నిరూపిస్తుంది.

3. శూన్య మైదానం, కూలే నగరం

ఎడ్ రాట్‌బర్గ్ రూపొందించగా అటారీ సంస్థ 1980లో విడుదల చేసిన 'బ్యాటిల్‌జోన్'లో ఆకుపచ్చ గీతలతో గీసిన మైదానం, ఘనాకార, పిరమిడ్ ఆకార అడ్డంకులు మాత్రమే ఉంటాయి. అవి గుండ్లను ఆపుతాయి, దారినీ అడ్డగిస్తాయి. ఒకే వస్తువు రక్షణగానూ ఆటంకంగానూ పనిచేయడం ఇక్కడి నిర్మాణ విశేషం. దిగంతంలోని పర్వతాలను ఎంత దూరం నడిపినా చేరుకోలేము.

1996 నాటి 'ట్విస్టెడ్ మెటల్ 2' ఇందుకు భిన్నం. మాస్కో గోదా దాగడానికి చోటు లేని గిన్నెవంటి వలయం. పారిస్‌లో ఈఫిల్ గోపురాన్ని కూల్చితే అది ఇళ్ల కప్పులపైకి చేర్చే వంతెనవుతుంది. అంటార్కిటికాలో మంచుఫలకాలు విరిగిపడుతూ గోదాను కుదించివేస్తాయి. విధ్వంసం దారిని తెరవవచ్చు, మూసివేయనూవచ్చు. అయితే ప్రపంచ ప్రసిద్ధ కట్టడం కూలినప్పుడు ఆటగాడికి కలిగేది నష్టభావన కాదు, కొత్త దారి దొరికిన సంతోషం. ఆ నగరవాసుల జీవితం ఆటకు విషయమే కాదు.

4. గోదా నుండి శిక్షణ శిబిరానికి

'బ్యాటిల్‌జోన్'లోని శూన్యతకు నాటి యంత్రాల పరిమితే కారణమని వాదించవచ్చు. అది నిజమే కాని, కారణం సాంకేతికమైనంత మాత్రాన ఫలితం నిరపాయమైనది కానక్కరలేదు. అమెరికా సైన్యానికి చెందిన బ్రాడ్లీ వాహన శతఘ్నికుల శిక్షణకై ఈ క్రీడను మార్చవలసి వచ్చినప్పుడు రాట్‌బర్గ్ అభ్యంతరం తెలిపి, తుదకు అయిష్టంగానే ఆ పని చేశారు. ఆ రూపంలో వాహనం కదలదు. మిత్ర, శత్రు వాహనాలను గుర్తించి గురిచూడటమే ప్రధానం. అంటే గోదాతో ఆటగాడికున్న సంబంధం తెగిపోయింది, గురి మిగిలింది. నివాసులు లేని మైదానం ఎవరి యుద్ధానికైనా సరిపోతుందనడానికి ఇది నిదర్శనం.

5. ముగింపు

గోదా నిర్మాణాన్ని దారులు, అడ్డంకులు, వేగాల సమతుల్యతగా మాత్రమే అంచనా వేయడం అసంపూర్ణం. పద్మవ్యూహ ఘట్టంలో స్థలం ఎంత క్రూరమైనదైనా, లోపల చిక్కిన మనిషి వేదన కథకు కేంద్రం. పరిశీలించిన క్రీడల్లో స్థలకల్పన చాతుర్యం అబ్బురపరుస్తుంది. ఆ స్థలంలో బతికే మనిషి మాత్రం లెక్కలోకి రాడు. భావికాలాన్ని కల్పించే ఏ గోదానైనా విమర్శకుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: పోరు మొదలు కాకముందు ఇక్కడ ఎవరు ఉండేవారు?