నీరు కరవైన జోర్డాన్‌లో జలపాలన

తలకు ఏడాదికి 500 ఘనపు మీటర్ల నీరైనను సమకూరని దేశమును, తీవ్రమైన నీటి ఎద్దడి గల దేశముగా జలశాస్త్రజ్ఞులు పరిగణింతురు. జోర్డాన్‌లో ఏటేటా సమకూరు నీరు తలకు 100 ఘనపు మీటర్లు కూడ లేదు. రాజధానియైన అమ్మాన్‌లో పెక్కు ఇండ్లకు కుళాయి నీరు వారమునకు ఒకటి రెండు దినములే వచ్చును. మిగిలిన దినములలో మిద్దెమీది తొట్టియే ఆధారము. వాన లేమి ప్రభుత్వపు తప్పు కాదు. ఉన్న నీటిని వాడిన తీరును బట్టియే జలపాలనను అంచనా కట్టవలెను.

మొదట మెచ్చదగినది చూతము. నీటి వ్యవహారములకై ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడినది. అమ్మాన్, జర్కా నగరముల మురుగునీరు 2008లో ప్రారంభమైన అస్-సమ్రా కేంద్రములో శుద్ధియై జోర్డాన్ లోయ పొలములకు పారుచున్నది. మంచినీటిని మనుష్యులకు, బాగుచేసిన నీటిని పైరులకు ఇచ్చు ఈ పద్ధతి అనుసరింపదగినది.

భూగర్భజలము విషయములో మాత్రము లోపము స్పష్టము. వానవలన ఇంకుదానిని బట్టి ఏటా తోడదగినంత నీటికి సుమారు రెట్టింపు తోడుచున్నారు. ఫలితమునకు అజ్రక్ ఒయాసిస్సే సాక్ష్యము. 1977లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఆ చోట, నగరముల పంపులు, చుట్టుపట్ల సేద్యపు బావులు తోడగా 1992 నాటికి ఊటలు ఎండిపోయినవి. నేడు అందులో చిన్న భాగమును పంపులతో నీరు పోసి నిలుపుచున్నారు. చట్టము లేకపోలేదు. 2002 నాటి నియమావళి తోడిన నీటికి రుసుము విధించినది. కాని అనుమతి గల సేద్యపు బావికి ఏటా మొదటి 1,50,000 ఘనపు మీటర్లు ఉచితమని కూడ అదియే చెప్పినది! 2013 నుండి అక్రమపు బావులను మూయించుట మేలైన పనియే.

పట్టణముల గొట్టములలో విడిచిన నీటిలోను సుమారు సగమునకు పైకము రాదు. కొంత కారిపోవును, కొంత దొంగల పాలగును, కొంత మీటర్లకు అందదు.

ఈ లోటును కొత్త నీటితో పూడ్చుటకే ప్రయత్నము హెచ్చు. 2013 నుండి డిసీ నీరు 325 కిలోమీటర్ల గొట్టముద్వారా ఏటా 10 కోట్ల ఘనపు మీటర్ల చొప్పున వచ్చుచున్నది. అది వేల ఏండ్ల క్రిందట ఇంకిన నీరు. తీసినకొలది తరుగునే గాని తిరిగి నిండదు. అకాబా వద్ద సముద్రజలమునుండి ఉప్పు తీసి ఏటా 30 కోట్ల ఘనపు మీటర్లు తెచ్చు పథకము కూడ రూపొందినది. నీటిని వేయి మీటర్ల ఎత్తున కెక్కించుటకే ఘనపు మీటరుకు కనీసము 2.7 యూనిట్ల విద్యుత్తు పట్టును. అంత ఖర్చుతో వచ్చిన నీరు దారిలో కారిపోయినచో ఆ విద్యుత్తు కూడ వ్యర్థమే.

యార్ముక్ నదిపై ఎగువన సిరియా కట్టిన ఆనకట్టలు, 2011 తరువాత వచ్చిన శరణార్థుల భారము ఈ ప్రభుత్వము చేతిలో లేనివి. గొట్టపు చిల్లి, బావి మీటరు చేతిలోనివే. అకాబా నీరు అమ్మాన్ చేరులోపల వీనిని చక్కబరుపనిచో, ఓటికుండకు నీరు మోసినట్లే అగును.