పేరులేని దాసి, తిరిగి లేచిన కోట

పాడుబడ్డ కట్టడాన్ని పునరుద్ధరించడమంటే పడిపోయిన రాళ్ళని మళ్ళీ పేర్చడమేనని అనుకుంటాం. కానీ ఒక్క రాయి ఎత్తకముందే తేలాల్సిన సంగతి ఒకటుంది: దాన్ని ఎవరి కాలానికి తిప్పి తీసుకెళ్ళాలి? లిథువేనియాలో, విల్నియస్‌కి సుమారు 28 కిలోమీటర్ల దూరాన, గల్వే సరస్సు నడుమ ద్వీపం మీదున్న ట్రకాయ్ కోటని చూస్తున్నంతసేపూ నన్ను వెంటాడిన ప్రశ్న ఇదే.

14వ శతాబ్దంలో కేస్తూతిస్ మొదలుపెట్టిన ఈ కోటని 15వ శతాబ్దం తొలి ఏళ్ళలో అతని కొడుకు వితౌతాస్ పూర్తిచేశాడు. 17వ శతాబ్దపు యుద్ధాల్లో అది శిథిలమైంది. జారు రష్యా కాలంలోనూ, పోలండ్ పాలనలోనూ కొంత మరమ్మతు జరిగింది. పెద్ద ఎత్తున పునర్నిర్మాణం జరిగింది మాత్రం 1950లలో, సోవియట్ పాలనలో. ఎన్ని పాలనలు మారినా కోట తిరిగి చేరాల్సింది వితౌతాస్ వైభవానికేనన్న విషయంలో తేడా రాలేదు. చెక్క వంతెన దాటి లోపలికి వెళ్తే, ఎర్రటి ఇటుక గోడలూ బురుజులూ అన్నీ ఆ ఒక్క మగవాడి గురించే చెబుతున్నట్టుంటాయి.

కానీ అతను బతికి బట్టకట్టడం వెనక ఒక స్త్రీ ఉంది. 1382లో అధికారం కోసం జరిగిన పోరులో యోగైలా తన పినతండ్రి కేస్తూతిస్‌నీ, వితౌతాస్‌నీ క్రేవా కోటలో బంధించాడు. అది ఇప్పుడు బెలారస్‌లో ఉంది. కేస్తూతిస్ అక్కడే చనిపోయాడు. వితౌతాస్ ఆడవాళ్ళ బట్టలు వేసుకుని తప్పించుకున్నాడు. అవి అతని భార్య అన్నా బట్టలని ఒక కథనం. ఆమె దాసి బట్టలని మరో కథనం. ఈ రెండోదాని ప్రకారం దాసి తన బట్టలిచ్చి అతని స్థానంలో ఉండిపోయింది. సంగతి బయటపడ్డాక ఆమెను చంపేశారు. అతను ఆనాడు బయటపడకపోతే, ట్రకాయ్‌లో వితౌతాస్ కోట ఉండేది కాదు.

భార్య తెగువ చెప్పే కథ మనకి వెంటనే నచ్చుతుంది. చరిత్రలో చురుకైన స్త్రీ దొరికిందని సంతోషిస్తాం. కానీ దాసి కథ పక్కన పెట్టి చూస్తే ఆ సంతోషం నిలవదు. దాసి తనంతట తాను ఒప్పుకుందా, యజమానురాలి ఆజ్ఞని పాటించిందా అన్నది ఆ కథనానికి అక్కర్లేని ప్రశ్న. 'కాదు' అనే హక్కు లేని మనిషి చేసిన పనిని త్యాగమని పొగడటం ఎవరికి సౌకర్యం? ఇక్కడ అన్నా, ఆమె దాసీ ఇద్దరూ స్త్రీలే అన్న మాట ఏమీ తేల్చదు.

ఆమెకొక పేరు పెట్టి, ఒక ప్రేమకథ అల్లి, 'మరుగునపడ్డ స్త్రీని వెలికితీశాం' అనడం మనకి కష్టం కాదు. కానీ అది కూడా కోటకి కొత్త ఇటుకలు పేర్చడం లాంటిదే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని తిరిగి అచ్చువేయించినప్పుడు ఆమె చేతిలో రాతప్రతి ఉంది. ముద్దుపళని తన మాట తాను రాసుకుంది. ఈ దాసి మాట ఒక్కటీ మనదాకా రాలేదు.

అందుకే ఆ ఖాళీని ఖాళీగా చూపించడం కూడా స్త్రీవాద విమర్శ చేయాల్సిన పనేనని నా అభిప్రాయం. మన పరిశోధనల్లో 'ఒక దాసి' అన్న మాట ఎదురైనచోట పేరు కల్పించనక్కర్లేదు, దాటిపోనూ కూడదు. అక్కడ ఆగి, ఎవరి బట్టల్లో ఎవరు బయటపడ్డారో, లోపల ఎవరు మిగిలిపోయారో అడగాలి.