గ్రిమ్స్‌బీలో నా ఉద్యోగం

"అమ్మా, అది దొంగాట!" అన్నాడు మా అబ్బాయి ఫోనులో.

నేను చేసిన నేరమల్లా ఒక్కటే. ఓడిపోయిన మ్యాచిని ఒప్పుకోలేక, ముందుగా దాచిపెట్టుకున్న చోటునుంచి ఆటని మళ్లీ మొదలుపెట్టాను. మొదటిసారి 3-0 తేడాతో ఓడాను. రెండోసారి 1-1. మూడోసారి నెగ్గాను. ఆ సంబరం ఎవరితోనైనా పంచుకుందామని ఫోన్ చేస్తే కన్నకొడుకు నోట వచ్చిన మాట అది.

సంగతి తెలియని చదువరుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఈ ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. కంప్యూటర్లో ఆడతారు. పేరు చూసి బంతిని తన్నడం అనుకునేరు, మనం బంతి జోలికే పోం. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎవరికెంత జీతం, అలిగినవాణ్ణి ఎలా బుజ్జగించాలి, ఉన్న డబ్బుతో ఏడాదంతా ఎలా నెట్టుకురావాలి, ఇదీ మన పని. ఆడవాళ్లకి కొత్తగా నేర్చుకోవలసిందేముంది ఇందులో? మావాడు హాస్టలుకి వెళుతూ పాత కంప్యూటరు వదిలి వెళ్లాడు. సీరియల్ ముందుకి నడవని ఒక మధ్యాహ్నం నేను దాని ముందు కూచున్నాను. అంతే, ఏడాది గడిచిపోయింది.

1992లో ఇంగ్లండులో కోలియర్ అనే ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' దీనికి మూలం. ఇప్పటి పేరుతో 2004 నుంచి వస్తోంది. ఇందులో ఆటగాడి ఒక్కొక్క గుణానికీ 1 నుంచి 20 దాకా మార్కులుంటాయి. పరుగుకీ పాసుకీ మార్కులంటే సరే, ధైర్యానికీ పట్టుదలకీ కూడానా! నవలలు రాసే మనిషిని గదా, మొదట నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, కొన్ని మార్కులు మనకి కనపడవని. నిలకడ, పెద్ద మ్యాచిలో గుండె జారిపోకుండా ఉండటం, మాటిమాటికీ దెబ్బలు తగిలించుకునే స్వభావం, ఇవన్నీ మనిషితో కొన్నాళ్లు వేగితేగాని తెలియవు. అప్పుడు నవ్వడం మానేశాను. పాత్ర లోపల కొంత చీకటి ఉంచాలన్న సంగతి ఆ అన్నదమ్ములకి బాగా తెలుసు. పత్రికల వాళ్ల ఇంటర్వ్యూలు మాత్రం వాళ్లకి చేతకాలేదు. పెళ్లిచూపుల్లో లాగా అవే ప్రశ్నలు, అవే జవాబులు.

ఆట మనల్ని ఏదీ చెయ్యొద్దనదు. ఓడితే వెనక్కి వెళ్లొచ్చు. ప్రపంచంలోని కుర్రాళ్లందరి జాబితా ముందేసుకుని ఏరుకోవచ్చు. అందుకే దీన్ని ఏళ్ల తరబడి ఆడేవాళ్లు తమకి తామే నియమాలు పెట్టుకుంటారట. మావాడు తన నియమాలు ఫోనులోనే చెప్పాడు. చిన్న క్లబ్బుతో మొదలుపెట్టాలి. కోచింగులో ఏ సర్టిఫికెట్టూ లేనట్టు రాసుకోవాలి. మన స్కౌట్లు వెతికి తెచ్చిన ఆటగాణ్ణే కొనాలి. బయట చదివిందీ విన్నదీ ఇక్కడ వాడుకోకూడదు. ఓడినా వెనక్కి వెళ్లకూడదు. జట్టు కింది శ్రేణికి పడిపోతే రాజీనామా చెయ్యాలి.

"మా బామ్మ నోముల పుస్తకంలా ఉందిరా" అన్నాను.

కాని ఆలోచిస్తే నియమాల్లో రెండు జాతులు కనపడ్డాయి. ఇరవై ఏళ్లు దాటినవాణ్ణి కొననని ఒకడంటాడు. అసలెవర్నీ కొనను, మా క్లబ్బులో పెరిగిన పిల్లలతోనే ఆడతానని ఇంకొకడంటాడు. ఇవి కష్టమే, కాదనను. కాని కష్టమైనదల్లా వాస్తవమైపోదు. ఏకాదశినాడు అన్నం మానేసి ఉప్మా తినేవాళ్లూ ఉన్నారు, మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లూ ఉన్నారు. రెండోది గొప్ప నిష్ఠే, అయినా ఏ ఇంట్లోనూ అది రోజువారీ బతుకు కాదు.

అదే నియమం స్పెయిన్‌లోని బిల్బావోలో అయితే అచ్చమైన వాస్తవం. అక్కడి అథ్లెటిక్ క్లబ్ బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లని, లేదా అక్కడ ఆట నేర్చినవాళ్లనే ఆడిస్తుంది. ఇది క్లబ్బు నిబంధనల్లో రాసి లేదు, వంశాచారంలా వస్తోంది. అయినా అక్కడి మొదటి శ్రేణి నుంచి ఆ జట్టు ఎన్నడూ కిందికి పడలేదు. 1984 తర్వాత నలభై ఏళ్లకి, 2024లో స్పెయిన్ రాజు పేరిట జరిగే కప్పు గెలిచి, ఊరి నదిలో పడవ మీద ఊరేగింది. ఆ ఊళ్లో ఆ నియమం వెనక ఊరంతా ఉంది. ఇంకో ఊళ్లో పెట్టుకుంటే ఉత్త పట్టింపు.

బయటి కబుర్లు వాడుకోకూడదన్నది మాత్రం నిఖార్సయిన నియమం. పాత ఛాంపియన్‌షిప్ మేనేజర్ రోజుల్లో టోంటన్ జోలా మొకోకో అనే కుర్రాణ్ణి ఆట తెలిసినవాళ్లందరూ కొనేసేవారట. కంప్యూటర్లో వాడు మహారాజు. నిజానికి డెర్బీ కౌంటీ కుర్రాళ్ల జట్టులో ఉండేవాడు గాని పెద్దల జట్టులో ఒక్క మ్యాచీ ఆడలేదు. మా స్కౌటు ఒక కుర్రాడి గురించి నాలుగు ముక్కలు రాసి పంపితే, వాడేమవుతాడో తెలియకుండా సంతకం పెట్టడంలోనే ఉంది మజా. అల్లుణ్ణి వెతికినట్టే.

గొడవంతా నా పేరు దగ్గర వచ్చింది. మేనేజరు పేరు రాయమంటే నా పేరే రాశాను. నేను తీసుకున్న జట్టు గ్రిమ్స్‌బీ టౌన్, ఇంగ్లండు తూర్పు తీరాన చేపలరేవు ఊరిది. పేరు గ్రిమ్స్‌బీదేగాని ఆడేది పక్కనున్న క్లీథోర్ప్స్‌లో. "మగవాళ్ల జట్టుకి ఆడ మేనేజరా? రియలిస్టిక్ కాదమ్మా" అన్నాడు మావాడు. వాడు చెడ్డవాడు కాడు సుమండీ, లెక్క చెప్పాడు అంతే.

నేనూ లెక్కలే తీశాను. 2023 జులైలో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే ఇంగ్లీషు క్లబ్బు హన్నా డింగ్లీకి తాత్కాలికంగా మగవాళ్ల జట్టు అప్పగించింది. ఇంగ్లండులో వృత్తి ఆటగాళ్ల మగ జట్టుకి మేనేజరయిన మొదటి స్త్రీ ఆవిడే. కొద్దిరోజులకే ఇంకొకర్ని వేశారు, లీగు మ్యాచి ఒక్కటీ ఆవిడకి దక్కలేదు. ఫ్రాన్సులో 2014లో క్లెర్మాఁ క్లబ్బు హెలెనా కోస్టాని తీసుకుంటే, మొదటి మ్యాచి రాకముందే ఆవిడ వదిలి వెళ్లిపోయింది. ఆ కుర్చీలోకే వచ్చిన కొరిన్ డియాకర్ రెండో శ్రేణిలో 2017 దాకా నిలబడింది. జర్మనీ మూడో శ్రేణిలో ఇంగోల్‌స్టాట్ 2024లో సబ్రినా విట్‌మన్‌కి జట్టునిచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే. కాని లేనిది కాదు. ఇంతవరకు లోకంలో ఎక్కువగా జరిగిందే వాస్తవమంటే, మన నవలల్లో కథానాయికలు గడప దాటేవారా? అంతెందుకు, ఆడవాళ్ల లీగులు ఈ ఆటలోకి మొదటిసారి వచ్చింది 2025 నవంబరులో విడుదలైన దాంట్లోనే. మా ఇంట్లో ఉన్నది అంతకు ముందుది. నా పేరు అలాగే ఉంచాను.

ఇక అద్భుతాల సంగతి. 2025 ఆగస్టు 27న నిజం గ్రిమ్స్‌బీ, నాలుగో శ్రేణి జట్టు, లీగ్ కప్పులో మాంచెస్టర్ యునైటెడ్‌ని ఓడించింది. ముందు 2-0 ఆధిక్యం, చివరికి 2-2, పెనాల్టీల్లో 12-11. పైగా ఆ రోజు ఆడిన ఒక ఆటగాడి నమోదు గడువు దాటిన ఒక్క నిమిషానికి అందిందని తర్వాత తేలి, క్లబ్బుకి 20,000 పౌండ్ల జరిమానా వేశారు, అందులో సగం సస్పెండ్ చేసి. ఇదంతా నేను నవలలో రాస్తే ఎడిటరు గారు తిప్పి పంపరూ!

అప్పుడు నాకు నా పాత సీరియల్ ఒకటి గుర్తొచ్చింది. అందులో భర్త పోయిన కథానాయిక కుట్టుమిషన్ల కొట్టు పెట్టి నష్టపోతుంది. "ఆవిణ్ణి ఇంకా ఏడిపించకండి" అని పాఠకురాళ్లు ఉత్తరాలు రాశారు. నాకూ జాలేసింది. పద్దెనిమిదో వారం దుబాయి నుంచి మేనమామ దిగాడు, అప్పులన్నీ తీరిపోయాయి. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కావిడ, కుట్టుపని మీదే బతుకుతున్నావిడ, "నాకు మేనమామ లేడండీ" అని మాత్రం రాసింది. ఆ కార్డుకి జవాబివ్వలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

గ్రిమ్స్‌బీ గెలుపు మేనమామ రాకలాంటిది కాదు. దాన్ని ఎవరూ పిలిపించలేదు. ఓడితే మళ్లీ ఆడిస్తామని వాళ్లకెవరూ మాటివ్వలేదు. అద్భుతం జరక్కూడదని మా నియమాల్లో ఎక్కడా లేదు. దాన్ని నేను మూడోసారి ఆడి తెచ్చుకోకూడదు, అంతే. మా అబ్బాయి దొంగాట అన్నది అందుకే కాబోలు.

పోయిన నెల నా గ్రిమ్స్‌బీకి ఏడాదిలో చివరి మ్యాచి. ఇరవై నాలుగు జట్లలో కింది రెండూ పడిపోతాయి. డ్రా చేస్తే చాలు. 88వ నిమిషంలో గోలు పడింది, మాకే. పాత చోటునుంచి మొదలుపెట్టే బొత్తాం మీద వేలు పెట్టాను. కుక్కరు మూడో కూత కూసింది. లేచి వెళ్లి స్టవ్ ఆపి, వచ్చి కంప్యూటరు మూసేశాను.

మర్నాడు రాజీనామా నియమం గుర్తొచ్చింది. కాని క్లబ్బు యజమానులు నన్ను ఉండమన్నారు. నిజం మేనేజర్లు అంత తేలిగ్గా రాజీనామా చెయ్యరు. పొమ్మంటే పరిహారం వస్తుంది, తానే పోతే రాదు. మా నియమం వాస్తవం కోసం పెట్టుకున్నది కాదు, అభిమానం కోసం పెట్టుకున్నది. అలిగి పుట్టింటికి వెళ్లిపోయే కథానాయికలని నేను చాలామందినే రాశాను. ఆ నియమం కొట్టేశాను.

"మధ్యలో నియమం మార్చడం కూడా దొంగాటే" అన్నాడు మావాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

నిజం గ్రిమ్స్‌బీ 2021లో ఇలాగే అయిదో శ్రేణికి పడి, 2022లోనే తిరిగి పైకి వచ్చింది. 2010లో పడినప్పుడు మాత్రం రావడానికి ఆరేళ్లు పట్టింది. మాకు ఏది రాసి ఉందో. ఎడమవైపు ఆడే కుర్రాడొకడున్నాడు, పట్టుదలకి 17 మార్కులు, పదిహేడో ఏట నేనే జట్టులోకి తీసుకున్నాను. ఇకమీదట వాడి జీతం మేం ఇవ్వలేం. పై శ్రేణివాళ్లు అడుగుతున్నారు. రేపు పొద్దున వాడితో మాట్లాడాలి.