తేట ఊట, మట్టి ఊట

మా వైపు పిల్లలకు ఊరంటే బస్సెక్కే చోటు. కడప జిల్లా ఉత్తరపు కొసన, పోరుమామిళ్ల చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాడికి పదో తరగతి దాటేసరికి రెండు దారులు కనిపిస్తాయి. బద్వేలు మీదుగా కడపకు, అక్కణ్ణుంచి హైదరాబాదుకో బెంగుళూరుకో పోయేది ఒకటి. రెండోది కువైట్‌కు. మా తరగతిలో మార్కులు వచ్చినవాళ్లు మొదటి దారి పట్టారు, ఇంట్లో అప్పులున్నవాళ్లు రెండోది పట్టారు. రెండూ ఉన్నవాళ్లు ముందు చదివి, తర్వాత కువైట్ పోయారు. ఎటూ పోకుండా ఊళ్లో మిగిలినవాడికి పెళ్లి సంబంధం దొరకడం కూడా కష్టమే.

ఊరి మీద నాకున్న కోపానికి గట్టి కారణాలే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెల వరుస, ఎవరు ఏ వీధిలో ఎట్లా నడవాలో చెప్పకనే చెప్పే కులం, చదువుకోవడానికి పాఠ్యపుస్తకం తప్ప ఇంకో కాగితం దొరకని ఇల్లు. అన్నిటికంటే చిరాకు వానను నమ్ముకున్న బతుకు. కార్తె కార్తెకూ మా నాన్న మొగులు వైపు చూసే చూపు నాకు నచ్చేది కాదు. నెల జీతం అనే మాటలోని హాయి ఆ చూపు కింద పెరిగినవాళ్లకే తెలుస్తుంది. అందుకే పోయాను. పోవడం మంచిదే అయింది.

హైదరాబాదులో మేమున్న అపార్ట్‌మెంటు ఒకప్పటి చెరువు కింద ఉందని కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. 2020 అక్టోబరు వానలకు సెల్లార్ నిండి కార్లు తేలాయి. నీళ్లు తోడేశాక అసోసియేషన్ సమావేశం పెట్టారు. ఒకరు పెద్ద మోటారు కొందామన్నారు, ఇంకొకరు గోడ ఎత్తు పెంచుదామన్నారు. అసలు ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎటు పోవాలి అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. చదువుకున్నవాళ్లం, ఇంజనీర్లున్నారు, ఒకాయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు కూడా. మా ఊళ్లో మేకలు కాసే పిల్లోణ్ణి నిలబెట్టి అడిగితే చెప్తాడు: మా చెరువు నిండి మరువ పారితే నీళ్లు ఏ వంకలో పడతాయి, కింది ఊరి చెరువుకు ఎట్లా చేరతాయి, అది కూడా నిండితే ఎక్కడ సగిలేట్లో కలుస్తాయి, అక్కణ్ణుంచి పెన్నకు ఎట్లా పోతాయి. ఆ సమావేశంలో కూర్చుని నేను మొదటిసారి మా ఊరిని తెలివైన ఊరు అనుకున్నాను.

తర్వాత నాన్నకు వయసు మీదపడటం, ఇంటి నుంచే పనిచేసే వీలు దొరకడం రెండూ కలిసొచ్చి ఊరికి రాకపోకలు పెరిగాయి. పొద్దున్నే చేయడానికేమీ లేక, చెరువును కనిపెట్టుకుని పొలాలకు నీళ్లు వదిలే నీరుగంటి వెంట కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. మా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా అందరూ ఆయన్ని 'రారా పోరా' అనే పిలిచేవాళ్లు. ఇప్పుడు నేను 'పెద్దాయనా' అంటాను. మొదట్లో ఆ పిలుపుకు ఇబ్బంది పడింది నేను కాదు, ఆయనే. ఎవరైనా వింటున్నారా అని పక్కకు చూసేవాడు.

ఆయన నడకకు ఒక పద్ధతి ఉంది. పోయేటప్పుడు కట్ట పైన, నీటి వైపు చూస్తూ పోతాడు. అలలు కొట్టి కొట్టి ఏ రాయి కదిలిందో, రాళ్ల మధ్య మట్టి ఎక్కడ జారిందో అప్పుడు చూసుకోవాలి. వచ్చేటప్పుడు కట్టకు అవతలి వైపు దిగి, అడుగు వెంబడే వస్తాడు. అసలు పని అక్కడుంది. ఎండ్రకాయల బొరియలు, ఎలుక కన్నాలు వెతుకుతాడు. కట్ట మీద సర్కారుతుమ్మ మొలిస్తే లేతగా ఉన్నప్పుడే పీకేస్తాడు. చెట్టు వేళ్లు మట్టిని పట్టుకుంటాయి కదా, మంచిదే కదా అని నేనడిగాను. బతికున్నంత కాలం పట్టుకుంటాయి, చెట్టు చచ్చి వేరు కుళ్లితే మిగిలేది బొక్కే, నీళ్లు ఆ బొక్కను వెతుక్కుని వస్తాయి అన్నాడు.

నిండు చెరువు కట్ట అడుగున ఎక్కడో ఒకచోట ఊట పడకుండా ఉండదు. పట్నం కన్నుకు ఏ ఊట చూసినా భయమే. ఆయన కూర్చుని దోసిట్లో పట్టి, కాసేపు ఆగి, వెలుతురుకు పెట్టి చూస్తాడు.

"ఊట తేటగా వస్తాంటే భయం లేదబ్బయ్యా. నిండు కట్ట కదా, సెమట పడతాండాది. మట్టి కలిసి వచ్చిందంటే మాత్రం నిలబడొద్దు, ఊళ్లోకి పరిగెత్తు. లోపల్నుంచి కట్ట పోతాండాదని అర్థం."

మట్టికట్టలు తెగేది పైనుంచి పొర్లినప్పుడే కాదు. లోపల సన్నటి దారి పడి, ఆ దారి మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోయి, ఒక రాత్రికి కట్ట కూర్చుండిపోతుంది. ఇంజనీరింగు పుస్తకాల్లో దీనికి అధ్యాయాలున్నాయి. ఈయనకు దోసిలి ఉంది. 2021 నవంబరు 19న మా జిల్లాలోనే, రాజంపేట వైపు, చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు తెల్లవారేసరికి నీళ్లలో ఉన్నాయి, ఎందరో చనిపోయారు. ఆ కట్ట తెగిన తీరు వేరు, మా చెరువు సంగతి వేరు. అయినా ఆ వారమంతా మా ఊరి మగవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వంతులవారీగా రాత్రుళ్లు కట్ట మీద తిరిగారు. ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా చూడాలో పంచింది నీరుగంటే. పగలు ఆయనతో పనిలేనట్టు ఉండేవాళ్లు కూడా ఆ వారం ఆయన చెప్పిన చోట నిలబడ్డారు.

ఈ చెరువుల ధ్యాస పట్టాక పోరుమామిళ్ల పెద్ద చెరువు శాసనం చూడటానికి పోయాను. చదువుకునే రోజుల్లో దాని చుట్టుపక్కలే సైకిలు మీద తిరిగినా ఆగి చూసింది లేదు. పాడుబడ్డ భైరవుడి గుడి ముందు నిలబెట్టిన రెండు బండలవి. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని ఇంకో పేరు, ఉదయగిరిని ఏలుతూ ఈ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఉన్న కొండలను అట్లాగే వాడుకుని, వాటి మధ్య సందులను కట్టలతో కలిపారు. ఈ శాసనాన్ని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో అచ్చువేసింది వి.ఎస్. సుక్తంకర్. పుణేలో మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకుడైన ఆ సుక్తంకరే. భారతం జోలికి పోకముందు ఆయన మా చెరువు చదివాడని తెలిసి నాకు కలిగిన గర్వానికి పెద్దగా అర్థం లేదు, అయినా దాచుకోను.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్తుంది ఆ శాసనం. ధర్మం తెలిసిన రాజుతో మొదలై, నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు, పొడవాటి తిన్నటి రాళ్లు దొరికే గని, ఇట్లా సాగి పని తెలిసిన మనుషుల గుంపు దగ్గర ముగుస్తుంది జాబితా. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీళ్లు ఊరడం. చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఒకటి. కృష్ణా జలాల వాటాల వార్తలు చదివేవాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లు కొద్ది, పొలం ఎక్కువ కావడం ఇంకో దోషం. చోటు కొద్ది, నీళ్లు ఎక్కువ కావడం మరొకటి. ఈ చివరిది చదివినప్పుడు మా అపార్ట్‌మెంటు సెల్లారే గుర్తొచ్చింది.

నాకు ఆ జాబితాలో ఒక లోటు కనిపిస్తుంది. చెరువు కట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి, కట్టాక దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు లేడు. కట్టడానికి రెండేళ్లు పట్టింది. అది నిలిచింది ఆరున్నర శతాబ్దాలు. ఆ శతాబ్దాల పని ఎవరిదో ఆ బండల మీద లేదు. మా సీమలో చెరువుల మరమ్మతుకు దశబంధం ఇనాములుండేవి, నీరుగంటికి కల్లం దగ్గర పంటలో వాటాగా మేర కొలిచేవాళ్లు. బోర్లు వచ్చాక చెరువు కింద సేద్యం తగ్గింది, మేర కూడా తగ్గింది. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, వాటికి ఎన్నికలు, అధ్యక్షులు వచ్చారు. తూము దగ్గర మాత్రం ఇప్పటికీ మా పెద్దాయనే.

రాతకెక్కని ఊరివాళ్ల తెలివి గురించే ఇంకో సంగతి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని పక్షిశాస్త్రవేత్తలు ఆశ వదులుకున్న కలివికోడి 1986లో మా జిల్లాలోనే, లంకమల అడవి పక్కన చిట్టడవిలో మళ్లీ దొరికింది. దాన్ని గుర్తుపట్టి చూపించింది అక్కడి వేటగాడే. మాకు బడిలో పెంగ్విన్ గురించి పాఠం ఉండేది.

సంక్రాంతికి వచ్చి మరువ దగ్గర సెల్ఫీలు దిగి, ఊరి నీళ్లు, ఊరి గాలి అని రాసుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ నీళ్లు మడి మడికీ వదిలినాయనకు ఆ చెరువు కింద కుంటెడు నేల లేదు. నీళ్లు తక్కువైన ఏడాది దామాషా ప్రకారం అందరూ కొంత కొంతే నాటుకోవాలని తీర్మానిస్తారు. రాత్రిపూట దొంగతనంగా మడవ తిప్పుకున్న పెద్దరైతును పట్టుకోవాల్సిందీ ఆయనే, తెల్లారి ఆ రైతు ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందీ ఆయనే. ఇంత నేర్పు ఉన్న మనిషి తన మనవడికి ఆ పనిలో ఒక్కటి కూడా నేర్పలేదు. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నాడు ఆ అబ్బాయి. "ఈ పార వాని చేతికి రాకూడదనే కదబ్బయ్యా నేను ఇన్నాళ్లు పట్టుకునింది" అన్నాడు. నాకు ఊరు నచ్చడం మొదలైంది ఆయన పని చూసి. ఆయన మనవడు ఊరు దాటాడంటే అదీ ఆయన పని వల్లే. ఈ రెండింటినీ కలిపి చూడటం నాకు ఇంకా చేతకాలేదు, కలపాలని కూడా లేదు.

మొన్న ఆయకట్టు రైతుల సమావేశంలో పెద్దాయన నా వైపు చెయ్యి చూపించి, చదువుకున్నోడు కదా, ఊటలు ఎక్కడెక్కడ ఉండాయో ఫోనులో రాసిపెట్టుకోనీండి, నేను ఉన్నా లేకపోయినా పనికొస్తాది అన్నాడు. రాస్తున్నాను. తూము నుంచి ఎన్ని అడుగుల దూరం, చెరువు ఎంత నిండినప్పుడు పడింది, తేటా, మట్టా అన్నీ ఉన్నాయి అందులో. ఫోటోలు తీసి ఆయనకు చూపిస్తే నవ్వాడు. "ఫోటోలో అన్ని నీళ్లూ తేటగానే కనపడతాయిలే, చేత్తో పట్టి చూడు" అన్నాడు. తుపాన్లు మొదలయ్యేలోపు కట్ట మీద ఆయన చేతికి అందకుండా ముదిరిన సర్కారుతుమ్మ కొట్టించాలి. దానికి చందాలు ఇంకా సగం కూడా వసూలు కాలేదు, కువైట్ వాళ్లకు మెసేజీలు పెట్టే పని నాకే అప్పగించారు.