గీత తప్పని విమానం

చెన్నై మీనంబాక్కం విమానాశ్రయం నుంచి విశాఖపట్నానికి పటం మీద తిన్నగా గీత గీస్తే దాని పొడవు సుమారు 620 కిలోమీటర్లు. ఆ గీత ఎన్నూరు దగ్గర తీరం దాటి, పొన్నేరినీ పులికాట్‌నూ శ్రీహరికోటనూ ఎడమచేతి వైపు ఉంచి, బంగాళాఖాతం మీదుగా ఈశాన్యానికి సాగుతుంది. పొన్నేరి స్టేషన్ మీదుగా గూడూరు వైపు పోయే రైలుకు పట్టాలున్నాయి, అది పక్కకు జరగడమన్న ప్రశ్నే లేదు. విమానానికి ఆ ఆధారం లేదు. తన దారిని తానే లెక్కగట్టుకుని, ఎంత పక్కకు జరిగిందో క్షణక్షణం చూసుకుంటూ పోవాలి. ఈ పని చేసేది ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్. పైలట్లు దాన్ని ఎఫ్ఎంసీ అంటారు, దారి పట్టించే ఆ విధానాన్ని ఎల్‌నావ్ అంటారు.

ఈ విద్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఒడ్డున ముందొకటి, వెనకొకటి ఉన్న రెండు గుర్తులు ఒకే వరుసలో కనిపిస్తే పడవ ఆ గీత మీద ఉన్నట్టే. ముందు గుర్తు కుడికి జరిగినట్టు కనిపిస్తే పడవ ఎడమకు తప్పిందన్నమాట. తీరం కనిపించే దూరంలో తిరిగేవారు ప్రపంచమంతటా వాడుకున్న పద్ధతి ఇది. భూమిని కొలిచే శాస్త్రానికి కూడా ఈ ప్రాంతంతో చుట్టరికం ఉంది. 1802లో విలియం లాంబ్టన్ తన త్రికోణ సర్వేకు తొలి ఆధార రేఖను కొలిచింది సెయింట్ థామస్ మౌంట్ పక్కనే. మీనంబాక్కం రన్‌వేలు ఆ కొండకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఆ సర్వే తర్వాత కూడా భూమి ఆకారాన్ని ఇంకా ఇంకా నిక్కచ్చిగా కట్టిన లెక్కలు సాగాయి. నేటి విమానాలు వాడే డబ్ల్యూజీఎస్-84 కొలమానం ఆ కోవలోదే.

దారి మొదట డేటాబేస్‌లో ఉంటుంది. ఆకాశంలో అక్షాంశ రేఖాంశాలతో గుర్తించిన బిందువులను వేపాయింట్లు అంటారు. చాలావాటికి పలకడానికి వీలైన అయిదక్షరాల పేర్లుంటాయి. ఈ సమాచారాన్ని ప్రతి 28 రోజులకోసారి కొత్తగా ఎక్కిస్తారు. పైలట్ రూటు కొట్టగానే ఎఫ్ఎంసీ వేపాయింట్లను వరసగా కలుపుతుంది. భూమి గుండ్రం కాబట్టి ప్రతి రెండు బిందువుల మధ్యా అతి దగ్గర దారి గోళం మీది మహావృత్తపు ముక్క. కంప్యూటర్ దాన్నే లెక్కిస్తుంది.

తర్వాతి ప్రశ్న: ఇప్పుడు నేనెక్కడున్నాను? దీనికి ఎఫ్ఎంసీ ఒక్కరి మాటే నమ్మదు. విమానంలోని జడత్వ యంత్రం లేజర్ గైరోలతో, త్వరణ మాపకాలతో ప్రతి కదలికనూ కూడుకుంటూ స్థానం చెబుతుంది. బయటి సంకేతం ఏదీ దానికి అక్కర్లేదు. కాకపోతే గంటకు సుమారు ఒక నాటికల్ మైలు చొప్పున జరిగిపోతూ ఉంటుంది. నేల మీది డీఎంఈ కేంద్రాలు దూరం చెబుతాయి, రెండు కేంద్రాల నుంచి దూరం తెలిస్తే స్థానం దొరుకుతుంది. జీపీఎస్ అన్నిటికన్నా నిక్కచ్చి. మన దేశంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి కట్టిన గగన్ వ్యవస్థ 15 నేల కేంద్రాలతో జీపీఎస్ తప్పులను కొలిచి, దిద్దుబాట్లను ఉపగ్రహాల ద్వారా పంపుతుంది. ఆ సంకేతం అందుకునే పరికరాలున్న విమానాలు దాన్ని వాడుకుంటాయి. ఎఫ్ఎంసీ తనకు అందిన ఆధారాలను, ఏది ఎంత నమ్మదగిందో తూచి కలుపుతుంది.

ఇక ఎల్‌నావ్ గుండెకాయ రెండు అంకెలు. విమానం గీతకు ఎంత పక్కన ఉందన్నది మొదటిది. అది కదులుతున్న దిశకూ గీత దిశకూ మధ్య కోణం రెండోది. మొదటి అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే విమానం గీతను దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి, మళ్లీ దాటి పాములా మెలికలు తిరుగుతుంది. కోణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటేనే గీత దగ్గరపడే కొద్దీ మలుపు తగ్గించుకుని మెత్తగా కలుస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఎఫ్ఎంసీ ఎంత ఒరగాలో ఆటోపైలట్‌కు చెబుతుంది. గాలిని చూడండి: 450 నాట్ల వేగంతో పోతున్న విమానానికి పక్క నుంచి 50 నాట్ల గాలి వీస్తే, ముక్కును ఆరు డిగ్రీల పైచిలుకు గాలికి ఎదురుగా తిప్పి పట్టాలి. పట్టకపోతే గంటలో 90 కిలోమీటర్లకు పైగా పక్కకు కొట్టుకుపోతుంది.

మలుపు ఇంకో అందమైన లెక్క. వేపాయింట్ మీదికి వెళ్లి తిరిగితే గీత దాటిపోవడం ఖాయం కాబట్టి ముందే తిరగడం మొదలుపెట్టాలి. 25 డిగ్రీలు ఒరిగిన విమానం 250 నాట్ల వేగంలో సుమారు 3.6 కిలోమీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. 450 నాట్లలో అది 11.7 కిలోమీటర్లు, ఎందుకంటే వ్యాసార్ధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లంబకోణపు మలుపైతే అంత దూరం ముందే ఒరగాలి.

ఇదంతా పైలట్ ముందున్న తెర మీద బొమ్మగా కనిపిస్తుంది. బోయింగ్‌లో నడుస్తున్న దారి మెజెంటా రంగు గీత, ఎయిర్‌బస్‌లో ఆకుపచ్చ. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఈ తెర విలువ బాగా తెలుస్తుంది. ప్రయోగ వేళకు ఆ గగనతలంలో కొంత భాగాన్ని మూసేస్తూ ముందుగానే నోటీసు ఇస్తారు, విమానాలు చుట్టు తిరిగి వెళ్లాలి. బోయింగ్ పైలట్ కొత్త వేపాయింట్‌ను కీప్యాడ్ మీద కొడితే అది మొదట స్క్రాచ్‌ప్యాడ్ అనే అడుగు వరుసలోకి వస్తుంది, అక్కడి నుంచి దాన్ని దారి బిందువుల జాబితా అయిన లెగ్స్ పేజీలోకి ఎక్కించాలి. తెర మీద పాత మెజెంటా గీత అలాగే ఉంటుంది, పక్కన కొత్త దారి తెల్లని తునకల గీతగా వస్తుంది. ఎగ్జిక్యూట్ మీట నొక్కేదాకా విమానం పాత దారినే పోతుంది. నొక్కే ముందు ఆగి చూసుకోవడానికే ఆ తునకల గీత.

ఆ ఆగి చూడటం లోపించడమూ ఒక కారణమై 1995 డిసెంబర్ 20న కొలంబియాలోని కాలీ దగ్గర ఒక బోయింగ్ 757 కొండకు గుద్దుకుంది, 159 మంది చనిపోయారు. పైలట్లకు కావలసింది రోజో అనే రేడియో బీకన్. ఆర్ అన్న ఒక్క అక్షరానికి కంప్యూటర్ చూపింది దూరాన ఉన్న రోమియో అనే మరో బీకన్‌ను. సరిచూడకుండానే మీట నొక్కారు. విమానం ఆ తప్పు బిందువు వైపు తిరిగింది. 1983 సెప్టెంబర్ 1న కొరియన్ విమానం 007 సంగతి దీనికి తలకిందులు. నావిగేషన్ వ్యవస్థ ఆటోపైలట్‌ను పట్టుకోనేలేదు, సిబ్బంది గమనించలేదు. వందల కిలోమీటర్లు పక్కకు జరిగిన ఆ విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చింది, 269 మంది పోయారు. జీపీఎస్‌ను పౌర విమానాలకూ ఇస్తామని అమెరికా ప్రకటించింది ఆ దుర్ఘటన తర్వాతే.

అందుకే నా లెక్కలో ఎఫ్ఎంసీ గొప్పదనం స్థానం చెప్పడంలో కన్నా, తన స్థానం మీద తనకెంత అనుమానం ఉందో చెప్పడంలో ఉంది. దిగే దశలో ఒక దారికి 0.3 నాటికల్ మైళ్ల నిక్కచ్చితనం కావాలనుకోండి. తన అంచనాలో తప్పు అంతకన్నా పెరిగే వీలుందని తేలగానే, ఈ దారికి కావలసినంత నమ్మకం నా దగ్గర లేదని పైలట్లకు హెచ్చరిక పంపుతుంది. జీపీఎస్ సంకేతాలను చెరిపేవాళ్లు ఉన్న ఈ రోజుల్లో ఆ నిజాయితీ ప్రాణాలు కాపాడగలదు. అయితే ఇచ్చిన దారి సరైనదేనా అన్నది అది చెప్పలేదు. ఆ పని పైలట్లది. బయలుదేరే ముందు ఒకరు చార్టు చూస్తూ, ఒకరు తెర చూస్తూ, వేపాయింట్లను, దిశలను, దూరాలను ఒక్కొక్కటిగా సరిచూస్తారు. ఎన్ని వందల సార్లు వెళ్లిన దారైనా ఆ సరిచూపు మానకూడదు. కాలీలో తప్పిపోయిన వాటిలో అలాంటి సరిచూపు ఒకటి.