చావని కోరల్ కావాలా?

కొత్తగా రీఫ్ ట్యాంకు పెట్టుకున్న ప్రతివాళ్ళూ అడిగే మొదటి మాట: సులువుగా చావని కోరల్ ఏది? షాపులో దీనికి జవాబు నాలిక చివరే ఉంటుంది. జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్, మష్రూమ్, జోవాలు. అబద్ధమేం కాదు, వీటిని చంపడం నిజంగానే కష్టం. రేపు మనమే వదిలించుకుందామనుకున్నా అంతే కష్టం. ఆ రెండో ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ నాలుగింట్లో మనుషుల్ని ఇట్టే పడేసేది జీనియా. లేత బూడిదరంగు కాడ, దాని కొసన గుత్తిగా పాలిప్‌లు, ఒక్కో పాలిప్‌కి ఈకల్లాంటి ఎనిమిది వేళ్ళు. ఆ వేళ్ళు గుప్పిట మూసినట్టు ముడుచుకుంటాయి, మళ్ళీ విచ్చుకుంటాయి, మళ్ళీ ముడుచుకుంటాయి. పక్కనున్నవన్నీ పంపు తోసిన నీటికి ఊగేవే. ఇదొక్కటే తనంతట తాను ఆడుతుంది. ఎందుకింత శ్రమో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎర్రసముద్రంలో దీని దగ్గరి బంధువును గమనించి 2013లో చెప్పారు. కోరల్ ఒంట్లో కాపురముండే నాచు వెలుతురులో ఆహారం తయారుచేస్తూ ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్ అక్కడే పేరుకుంటే నాచు పని మందగిస్తుంది. గుప్పిళ్ళు మూసి తెరవడం వల్ల చుట్టూ ఉన్న నీళ్ళు కదిలి అది కొట్టుకుపోతుందట.

చూడముచ్చటే, కాదనను. కానీ దానికి నచ్చిన నీళ్ళు దొరికాయంటే గుర్రపు డెక్క చెరువును కమ్మినట్టు రాళ్ళనీ వెనక అద్దాన్నీ కమ్మేస్తుంది. కత్తిరిస్తే రాతికంటిన పిసరు మళ్ళీ మొలుస్తుంది. ఇది ట్యాంకుతో పోయే గొడవ కూడా కాదు. ఇదే కుటుంబానికి చెందిన యూనోమియా అనే జాతి వెనిజులా తీరంలో, మోచిమా ప్రాంతంలో, అక్కడి సొంత కోరల్స్ మీదా సముద్రపు గడ్డి మీదా పరుచుకుపోయింది. దాని పుట్టిల్లు ఎక్కడో పసిఫిక్ వైపు. అక్వేరియం వ్యాపారం ద్వారానే కరీబియన్‌కి చేరిందని నమ్ముతున్నారు.

గ్రీన్ స్టార్ పాలిప్స్ సంగతీ అంతే. ఊదారంగు చాపలా రాతి మీద పాకుతూ పోతుంది, దారిలో ఉన్నవాటిని మింగుతూ. కావాలంటే ఇసక మధ్యలో ఏ రాయికీ తగలని ఒంటరి రాయి మీద పెట్టుకోవాలి. మష్రూమ్‌లకు కొంత నిదానం ఎక్కువ. వాటితో పెద్దగా పేచీ లేదు.

జోవాల దగ్గర మాత్రం ఆగి చెప్పాలి. రంగులు చూసి పిల్లలు వదలరు. వాటిలో కొన్నింట్లో, వాటి చుట్టాలైన పాలిథోవాలో మరీ ఎక్కువగా, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి దగ్గర దొరికిన పాలిథోవా నుంచే దాన్ని మొదట వేరుచేశారు. చేతికి గాయముంటే, లేదా కోస్తున్నప్పుడు కంట్లోకి చిందితే ప్రమాదం. ఇంకా పెద్ద ప్రమాదం వాటిని వదిలించుకోవాలని రాయిని మరగబెట్టడం, వేడినీళ్ళతో కడగడం. ఆ ఆవిరి పీలిస్తే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలే. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకులోంచి కోరల్ తీస్తూ ఒక కుటుంబానికి ఇలాగే జరిగింది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా జోవాల జోలికి పోకూడదు. పాకే పిల్లలున్న ఇంటికి మొదటి కోరల్‌గా నేనైతే వాటిని చెప్పను.

డాలస్ పక్కన మేముండే ఊళ్ళో కోరల్ ముక్కలు అమ్మే షాపు ఒకటుంది. మొన్న అక్కడ మన కుర్రాడొకడు జీనియా తొట్టి ముందు నిలబడిపోయి కనిపించాడు. ట్యాంకులో అమ్మోనియా సున్నాకొచ్చిందట, ఇక ఆగలేకపోతున్నాడు.

"గోధుమరంగు బూజు వచ్చిపోయిందా తమ్ముడూ?"

"వచ్చింది, పోయింది. ఇప్పుడు పచ్చనాచు పడుతోందన్నా."

"అయితే పర్లేదు. నైట్రేట్ ఎంతుంది?"

"సున్నా," అన్నాడు గర్వంగా.

సున్నా గొప్పేం కాదని చెప్పాల్సి వచ్చింది. మెత్తని కోరల్స్‌కి నీళ్ళలో కాస్త ఎరువుండాలి. నైట్రేట్ 5 నుంచి 10 దాకా ఉన్నా హాయిగా ఉంటాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా ఊడ్చేసిన కొత్త ట్యాంకులోనే డైనోలనే జిగురు తీగలు లేస్తాయి. చేపలకి రెండు పూటలా తిండి వెయ్యమన్నాను.

"మరి ఏం కొనమంటావన్నా?"

"టోడ్‌స్టూల్ లెదర్."

"అదా? పుట్టగొడుగులా ఉంది, రంగే లేదు."

రంగు లేని మాట నిజమే. కానీ పెరిగినా ఒకే కాండం మీద, ఒకే చోట పెరుగుతుంది. అక్కర్లేకపోతే రాయితో సహా ఎత్తి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. మొండిఘటం. టోపీ మీద పాలిప్‌లు విచ్చుకున్న రోజున దాని ముందు జీనియా దిగదుడుపే. అప్పుడప్పుడూ పాలిప్‌లన్నీ లోపలికి లాక్కుని, మైనం పూసినట్టు మెరుస్తూ కొన్ని రోజులు మొహం చాటేస్తుంది. పైపొర వదులుతోందన్నమాట. చచ్చిందని గాభరాపడి తీసి పారేసేవాళ్ళున్నారు. ఆ సమయంలో దాని మీదుగా నీళ్ళు కాస్త జోరుగా పారితే చాలు. తోడుగా డంకన్ ఒకటి పెట్టుకోవచ్చు. రొయ్య తునక అందిస్తే వేళ్ళతో చుట్టి నోట్లో పెట్టుకుంటుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గట్టి కోరల్ అది. ఎముక కడుతుంది కాబట్టి ఆల్కలినిటీ కొలిచే అలవాటూ దానితోనే మొదలవుతుంది.

ఈ డంకన్ సలహా హైదరాబాద్, విజయవాడ పాఠకులకి కాదు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు వల్ల మన తీరంలో పగడాల దిబ్బలు కట్టలేదు గానీ, చట్టం దృష్టిలో మన్నార్ సింధుశాఖలో ఉన్న గట్టి కోరల్‌ది పులి హోదా. రెండూ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోనివే. సీ ఫ్యాన్‌లూ అందులోనే ఉన్నాయి. విదేశీ గట్టి కోరల్ అయినా 2022 సవరణ ప్రకారం నమోదు తప్పదు. హైదరాబాద్, విజయవాడల్లో మష్రూమ్, టోడ్‌స్టూల్ దగ్గరే ఆగడం మంచిది. అవైనా ఎక్కణ్ణించి వచ్చాయో షాపువాణ్ణి అడిగి, బిల్లు తీసుకోవాలి.

ఏది కొన్నా, అంటించి వచ్చిన ప్లగ్‌తో ట్యాంకులో దించకూడదు. దాని అడుగున ఎయిప్టేసియా అనే కలుపు ఎనిమోన్ మొలక ఒక్కటి దాక్కుని వచ్చినా ఏళ్ళ తరబడి బాధ. ముక్క ఊడదీసి, మందునీళ్ళలో ముంచి, కొత్త రాయికి అంటించాలి. మొదట కింద ఇసక దగ్గర మసక వెలుతుర్లో ఉంచాలి. కొత్తవాళ్ళ ఇళ్ళలో నీడకి చచ్చిన కోరల్స్ కన్నా, మొదటి రోజే ఎల్ఈడీ పూర్తిగా పెట్టడం వల్ల మాడి తెల్లబోయినవే నేను ఎక్కువ చూశాను.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. టోడ్‌స్టూల్ తీసుకున్నాడు. బిల్లు కట్టేచోట చూస్తే రెండో సంచిలో జీనియా ఆడుతోంది.

"విడిగా ఒక రాయి మీద పెడతాలే అన్నా," అన్నాడు.